వాకిటికి వచ్చిన కూరల పెట్టె

గడచిన వేసవిలో మా యింటికి వారమున కొకసారి యొక పెట్టె రా నారంభించెను. పరదేశమున నున్న మా కుమార్తె, తల్లిదండ్రులు ముసలివారైరి, విశాఖపట్టణపు టుక్కలో బజారునకు బోలేరని తలచి, కాయగూరలును పండ్లును గుమ్మమునకు దెచ్చి యిచ్చు నొక సంస్థకు మూడు నెలల సొమ్ము ముందుగనే చెల్లించినది. వారమునకు ఆరు వందల రూపాయలు. "నాన్నగారూ, మీరు గడప దాటనక్కరలేదు. ఏవి పంపవలెనో వారే చూచుకొందురు" అని ఫోనులో జెప్పినది. నేనేమి తినవలెనో పరులు నిర్ణయించుట నాకు రుచింపలేదు. కాని బిడ్డ ప్రేమతో జేసిన పనిని కాదనుటకు నోరాడలేదు.

మొదటి శనివారము పెట్టె విప్పితిమి. ఒక ఆనపకాయ, బీరకాయలు, దొండకాయలు, ములగకాడలు, రెండు కట్టల తోటకూర, ఒక కంద ముక్క, అరటిపండ్లు, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో జేరిన పాడేరు కొండల యనాసపండు. వీనితోబాటు జుకినీ యను నొక సీమకాయయు నుండెను. నా భార్య దానిని దోసకాయ వలె దరిగి పప్పులో వేసినది. పప్పు బాగుగనే యున్నది.

మేలు జరిగిన మాటను దాచుట న్యాయము కాదు. పదియేండ్లుగా మా యింట వండని పెండలమును, పొన్నగంటి కూరయు మరల విస్తరిలోనికి వచ్చినవి. అంతకంటె ముఖ్యమైన సంగతిని నా భార్య చెప్పినది: "నలువదేండ్లుగా ప్రొద్దున లేచిన మొదలు నేడేమి వండుదునా యని తలచుటయే నాకొక చాకిరి. ఆ చాకిరి ఈ పెట్టెతో దీరినది." వండుట పని యని యెరుగుదును, ఏమి వండవలెనని తలచుటయు పనియే యని యంతవరకు నాకు దోపలేదు. విస్తరి ముందు గూర్చుండి "నేడును దొండకాయయేనా?" అని యడిగిన దినములన్నియు జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని.

కీడును గలదు. మూడవ వారమున టమాటాలు నలిగి నీరు గారినవి. ఫిర్యాదు జేయబోగా యంత్రమే సమాధానమిచ్చినది. పెట్టె మీద "రైతు చేతినుండి మీ చేతికి" అని యుండెను. ఏ యూరి రైతని తెచ్చిన కుర్రవానిని అడిగితిని. "తెలీదండీ, గోడౌను నుంచి తెస్తాను" అని వాడు మరియొక యింటికి బరువెత్తెను. మన రాష్ట్రమున 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యమును ప్రచారము జేయుచున్నది. ఆ పద్ధతిని పండించువారు మన మన్యమునను గలరు. ఈ తోటకూర వారిదో కాదో పెట్టె చెప్పదయ్యెను.

నాల్గవ వారమున గుమ్మము కడ నొక గొంతు వినబడెను. "ఏటి బాబూ, నెలరోజులై పిలుపు లేదు. ఊరెల్లిపోయారనుకున్నాను."

ఆమె యిరువదేండ్లుగా మా వీధిలో గంప నెత్తిన బెట్టుకొని కూరలమ్ముచున్నది. రేవు 1933లో తెరవబడిన పిదప బెరిగి, ఉక్కు కర్మాగారము వచ్చిన తరువాత మరింత పెరిగిన యీ పట్టణమునకు అంచుల నుండిన తోటలనేకము ఇండ్ల స్థలములైనవి. ఇప్పుడు ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము వైపుల పల్లెలనుండి కూరలు తెల్లవారకముందే దిగును. ఆమె చీకటితో లేచి వానిని గొని, ఎండ ముదురువరకు మా వంటి వీధులలో దిరుగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పట్టణమును గూల్చిన పిమ్మట, పడిన చెట్ల మీదుగా నడచివచ్చి మా యింట గంప దించిన మొదటి మనిషి యామెయే. ఆ నాడును నేను బేరమాడితిని.

"ఇంటికి పెట్టె వచ్చుచున్నది" అని చెప్పలేక చెప్పితిని. ఆమె కోపింపలేదు. "మంచిదే బాబూ. ఎంతేటి?" అని మాత్ర మడిగెను. ఆరు వందలనియు, మూడు నెలలది ముందే కట్టితిమనియు జెప్పగా, గంప దించి చతికిలబడి, "ముందేనా!" అని నవ్వెను. ఆ నవ్వునకు గారణము తరువాత దెలిసినది. "నాకు పొద్దున్నే తొమ్మిదొందలు ఇత్తాడు బాబూ. సందేలకి వెయ్యి కట్టాల."

చదువరులారా, దీనిని లెక్కవేసి చూడుడు. దినమునకు నూరు రూపాయల వడ్డి! ఇరువది రూపాయల తోటకూర కట్టను పదునైదున కడిగి, గెలిచితినని నేను సంతసించిన ప్రతి యుదయమును ఆ యైదు రూపాయలు వడ్డివ్యాపారి వాటాలోనుండి తగ్గలేదు. ఆమె కూలిలోనుండియే తగ్గినవి. పెట్టెవానితో నేనొక రూపాయికైన బేరమాడలేదు. అచ్చువేసిన ధరను దైవవాక్యముగా దలచి, గంప ధరను మోసముగా దలచుట మా తరగతివారి విద్యాఫలము కాబోలు.

వీధి వర్తకుల రక్షణకై 2014లో చట్టము వచ్చినది. 2020లో కేంద్ర ప్రభుత్వము వారికి పదివేల రూపాయల తొలి ఋణమిచ్చు స్వనిధి పథకమును నెలకొల్పినది. ఆమెయు నొకసారి పుచ్చుకొన్నదట. "కోడలి కానుపుకి అయిపోయింది బాబూ" అన్నది. పెట్టుబడికిని, యింటిఖర్చునకును వేరువేరు సంచులు గలవాడు ధనికుడే.

ఆ రాత్రి యీ పెట్టెల పుట్టుకను గూర్చి చదివితిని. 1970వ దశకమున జపానులో, పురుగుమందులకు వెరచిన గృహిణులు రైతులతో నేరుగా నొడంబడిక చేసికొని దానికి "తెయ్‌కెయ్", అనగా సహకార బంధమని పేరు బెట్టిరట. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములలో రెండు క్షేత్రములట్టి పద్ధతినే మొదలిడినవి. దాని ప్రాణమంతయు రెండు నియమములలో నున్నది: సొమ్ము ముందుగా నిచ్చుట, పంట చెడిన నష్టమును గొనువాడును బంచుకొనుట. మన రాష్ట్రమున 1999 జనవరి 26న నారంభమైన రైతుబజారులు మరియొక త్రోవ చూపినవి. అచ్చట రైతు తానే యమ్మును, దినధరలు పలక మీద వ్రాయబడును. కాని ఎం.వి.పి. కాలనీ రైతుబజారువరకు బోగల కాళ్లు మాకు లేవు. పలక మీది ధర గంపమనిషికి లేదు. మా గుమ్మమునకు వచ్చిన పెట్టెలో ముందు సొమ్మున్నది గాని బంధము లేదు. మా గుమ్మమునకు వచ్చు గంపలో బంధమున్నది గాని ముందు సొమ్ము లేదు.

మరునా డామెతో జెప్పితిని: "నెలకు రెండువేలు ముందిచ్చెదము. మంగళవారమును, శుక్రవారమును నీకు దోచిన కూరలు తెమ్ము." ఆమె వెంటనే యొప్పుకొనలేదు. కొంతసేపాలోచించి, "ఏరకూడదు, బేరమాడకూడదు. వానొచ్చి ఆకుకూర పోతే మీకూ పోయినట్టే. ఒప్పుకుంటే తెత్తాను" అన్నది. జపాను గృహిణులు వ్రాసికొన్న నియమములను ఈమె యేమియు జదువకయే మూడు మాటలలో జెప్పినది.

ఒక్క యింటి సొమ్ముతో దినవడ్డి తీరదు. వీధిలో మరి మూడిండ్ల నడిగితిని. ఇద్దరొప్పుకొనిరి. మూడవవారు, "సొమ్ము తీసికొని పారిపోయినచో?" అనిరి. మూడు నెలల సొమ్ము తీసికొన్న సంస్థ పారిపోవునా యని నన్నెవరును, నా కుమార్తెనైన నెవరును అడుగలేదు. ఊరు, పేరు, ముఖము ఎరుగని వానియందు గలిగిన నమ్మకము, ఇరువదేండ్లుగా నెండలో మన గుమ్మము దగ్గర నిలిచిన మనిషియందు గలుగకుండుట విచారింపదగిన విషయము.

పేరనగా జ్ఞప్తికి వచ్చినది. సొమ్మిచ్చునప్పుడు పుస్తకములో వ్రాయబోయి, ఆమె పేరేదియో నాకు దెలియదని గ్రహించితిని. ఇరువదేండ్లుగా "ఓ కూరలూ, ఇటు రా!" అనియే పిలిచితిమి. సరకు పేరే మనిషి పేరైనది. అడిగితిని, చెప్పినది. అచ్చు వేయుటకు అనుమతి నడుగలేదు గావున ఇచ్చట వ్రాయను.

ఇది జరిగి రెండు నెలలైనది. అంతయు సవ్యముగ నున్నదనను. ఒక శుక్రవార మామె జ్వరముతో రాలేదు. మేము గోంగూర పచ్చడితో దినితిమి. నమ్మని పొరుగువారు మా వంక జూచి నవ్విరి. మంగళవారమున రెండు నాళ్ల కూరలును దెచ్చినది. వడ్డివ్యాపారి కడకు నింకను వారమున కొకటి రెండుసార్లు పోవుచున్నది. మునుపు ప్రతిదినమును బోయెడిది. పెట్టె గడువు తీరినది. మరల కట్టవలదని మా కుమార్తెకు జెప్పగా, కారణము విని, "అయితే ఆ రెండువేలు నేను పంపుతాను" అన్నది. వలదంటిని, అది మేము చెల్లింపవలసిన బాకీ.

నిన్న నా భార్య వసారానుండి యామెను బేరు బెట్టి పిలిచినది. వీధిలో దన పేరు వినబడుట యలవాటు లేక యామె తల ద్రిప్పలేదు. రెండవమారు పిలువగా నాగి, గంప దించినది.