రేడియేటర్‌ మూత

నేను డిగ్రీ చదువుతున్న రోజులు. మే నెల. నాచారంలో మా ఇంటి నుంచి అందరం యాదగిరిగుట్టకి బయల్దేరాం. ఉప్పల్‌ రింగ్‌రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నామో లేదో, మా పాత మారుతి ముందు నుంచి పొగలు! నాన్న గబగబా బానెట్‌ ఎత్తి, చేతిరుమాలు వేసి రేడియేటర్‌ మూత తిప్పేశారు. మరిగే నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మాయి. మోచేతిదాకా బొబ్బలు. గుట్ట ప్రయాణం కాస్తా ఆసుపత్రి ప్రయాణమైంది. మొహం మీద పడలేదు, అంతా నరసింహస్వామి దయ అంటుంది అమ్మ ఇప్పటికీ.

మర్నాడు కారుని నాచారం పారిశ్రామికవాడ పక్కనున్న షెడ్డుకి తోసుకెళ్లాం. మూత తీసేదాకా బుద్ధిగా ఉన్న నీళ్లు అలా ఎందుకు ఎగిశాయని అడిగితే, ''మీ ఇంట్లో కుక్కర్‌ లేదా అమ్మా?'' అన్నాడు పెద్దాయన. మూత మీద 0.9 అని ఉంది. బయటి గాలికన్నా అంత ఎక్కువ పీడనం లోపల నిలిస్తే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీస్తే ఆ పీడనం పోతుంది. అప్పటిదాకా ఆగిన నీళ్లు ఒకేసారి మరిగిపోయి, కొంత ఆవిరైపోతాయి.

తర్వాత ఆయన వాటర్‌పంపు విప్పి నా చేతిలో పెట్టాడు. రెక్కలు ఎలుక కొరికిన రొట్టెలా ఉన్నాయి. ''కూలెంట్‌ కాకుండా బోరు నీళ్లు పోశారా?''

ప్రతి ఆదివారం ఆ నీళ్లు పోసింది నేనే.

ఏళ్ల తర్వాత పైలట్‌ లేని విమానాల మీద వ్యాసం రాస్తుంటే ఆ పంపే గుర్తొచ్చింది. 2009లో కోలార్‌లో 'నిశాంత్‌' మన దేశంలో తయారైన వాంకెల్‌ ఇంజిన్‌తో ఎగిరింది. బెంగళూరులోని నేషనల్‌ ఏరోస్పేస్‌ లేబొరేటరీస్‌ రూపొందించిన ఆ ఇంజిన్‌ శక్తి 55 హార్స్‌పవర్‌, బరువు సుమారు 30 కిలోలు. ఇందులో పిస్టన్‌ ఉండదు, మూడు మూలల రోటర్‌ తిరుగుతుంది. చిక్కు అక్కడే. కారు సిలిండర్లో చల్లటి గాలి వచ్చేదీ, మంట పుట్టేదీ ఒకే చోట. వాంకెల్‌లో గాలి ఎప్పుడూ ఒక పక్కకే, మంట ఎప్పుడూ ఇంకో పక్కకే. ఒక చెంప కాలుతుంటే ఇంకో చెంప చల్లగా ఉంటుందన్నమాట. అలాగే వదిలేస్తే గోడ వంకర తిరుగుతుంది. అందుకే నీటితో చల్లబరిచే రకాల్లో ప్లగ్గుల వైపు సన్నటి దారుల్లోంచి కూలెంట్‌ని జోరుగా పంపాలి. దారి సన్నబడేకొద్దీ పంపు గట్టిగా నెట్టాలి. పంపు పీల్చుకునే వైపు పీడనం మరీ పడిపోతే అక్కడే బుడగలు పుడతాయి. అవి పగిలే దెబ్బకి రెక్కలకి గుంటలు పడతాయి, ప్రవాహమూ తగ్గిపోతుంది. పైగా రెండు వేల మీటర్ల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి మూత అక్కడ ఇంకా ముఖ్యం. మా కారైతే ఉప్పల్‌లో ఆగింది. గాల్లో ఆగితే బానెట్‌ ఎత్తేదెవరు?

నాన్న చేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఇదంతా చదివి వినిపిస్తే మచ్చ తడుముకుంటూ, ''బోరు నీళ్లు పోసింది నువ్వేనని కూడా రాశావా?'' అన్నారు.

రాశాను.