పూరింటి విజ్ఞత

శ్రీరాంపూరు బొగ్గుగనుల చెంత, నస్పూరులో, వైశాఖపుటెండకు కాగిన సిమెంటు కప్పు క్రింద కూర్చుండి, మార్లవాయి గోండుగూడెమున 1940వ దశకమునందు మానవశాస్త్రజ్ఞులైన హైమెన్‌డార్ఫ్ దంపతులు నివసించిన పూరింటిని తలచినప్పుడెల్ల నా మనస్సు చల్లబడును.

అట్టి గోండుల పూరింటికి కొయ్యగుంజలు ఆధారము. వెదురుతడకలపై మెత్తి, పేడతో అలికిన మట్టియే గోడ. చూరునుండి కొప్పువఱకు వరుసపై వరుసగా గడ్డి పఱచి కట్టుటచే, వాననీరు లోనికి దిగక, వాలు వెంబడి జాఱి, గోడకెడముగా నేలబడును. పోచల నడుమ నిలిచిన గాలి యెండవేడిమిని లోనికి రానీయదు.

ఈ నేర్పు గోండులకే పరిమితము కాదు; ఇంగ్లండునందు, షాటరీ గ్రామమున, షేక్‌స్పియరు భార్య ఆన్ హాతవే పుట్టినింటికిని కొయ్యచట్రమే బలము, గడ్డియే కప్పు. చేరువ దొరకు వస్తువులతో ఎండవానల కెదురునిల్చు ఈ విజ్ఞతను పేదఱికపు గుర్తుగా నెంచక, నేటి గృహనిర్మాతలు శ్రద్ధతో అభ్యసింపవలెనని నా దృఢవిశ్వాసము.