ఒక్క వాషర్ బరువు

పెళ్ళి షూటింగ్‌కి వెళ్తే విడిదింట్లో ఓ మూల చూసుకుని ముందు చేసే పని కెమెరా తూకం కుదర్చడమే. బ్యాటరీ, కార్డు పెట్టి, లెన్స్ మూత తీసి, పక్క స్క్రీన్ తెరిచాకే కెమెరాను స్టెబిలైజర్ మీద బిగిస్తాను. ఒకసారి తూకం కుదిరాక స్క్రీన్ తెరిచాను. ఆ కాస్త బరువుకే ఫ్రేము ఎడమకి ఒరిగింది. జీలకర్ర బెల్లం ఘట్టమంతా వాలుగానే ఉండిపోయింది. ఆ క్షణాన్ని వాళ్ళకి మళ్ళీ తెచ్చివ్వలేను కదా. ఆ బాధ ఇంకా ఉంది.

నా స్టెబిలైజర్ మోటార్లు లేని రకం. ఒక కడ్డీకి పైన కెమెరా, కింద బరువుకి వాషర్లు, మధ్యలో ఎటైనా తిరిగే కీలు, అదే గింబల్. కావడి మోసేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. కెమెరాను ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ మిల్లీమీటర్ల లెక్కన జరిపి, కడ్డీని అడ్డంగా పడుకోబెట్టి వదిలేస్తాను. నిలువుకి రావడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. దబ్బున దిగిందంటే కింద బరువెక్కువ. నడిచి ఆగినప్పుడల్లా లోలకంలా ఊగుతుంది. ఒక వాషర్ తీస్తాను. మరీ నెమ్మదిగా దిగితే నిటారుగా నిలవదు. మళ్ళీ పెడతాను. ఆ ఒక్క వాషర్ దగ్గరే అరగంట పోతుంది. ఆ అరగంట నాకెంతో ఇష్టం.

ఈ తూకం లెక్కతోనే గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీకామ్ 1976లో హాలీవుడ్ తెరకెక్కింది. 1989లో 'శివ' సినిమాలో మనవాళ్ళు దాని పరుగు చూశారు. ఇప్పటి మోటారు గింబల్ అన్నీ అదే సరిదిద్దుకుంటుందంటారు. తూకం కుదరని కెమెరాను ఎక్కిస్తే మాత్రం ఆ మోటార్లూ వణుకుతాయి.

బయట సన్నాయి మొదలైంది. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కడ్డీకి తాకీతాకనట్టు ఆనించి లేచాను.