డేటన్ న్యాయస్థానంలో ఒక పూట

టెన్నెసీ నదీలోయలోని ఆనకట్టలను చూడబోయిన మేము, చట్టనూగా నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని డేటన్ పట్టణంలో ఒక పూట ఆగాము. రియా కౌంటీ న్యాయస్థానాన్ని దర్శించాలన్నది మా చిరకాల వాంఛ. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది.

1891లో నిర్మించిన ఈ మూడంతస్తుల ఇటుక కట్టడం గడియారపు గోపురంతో పచ్చిక నడుమ హుందాగా నిలిచి ఉంది. మేడమీది కోర్టు హాలులో న్యాయమూర్తి పీఠం, జ్యూరీ కుర్చీలు 1925 నాటివే.

ఆ ఏడాది జూలైలో, పరిణామ సిద్ధాంతాన్ని బోధించాడన్న అభియోగంపై జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల ఉపాధ్యాయుని ఇక్కడే విచారించారు. కళ తప్పిన తమ ఊరికి పేరు రావాలని స్థానిక పెద్దలే ఈ వ్యాజ్యానికి పూనుకున్నారు. జనం పోటెత్తారు. ఎండ తీవ్రతకు, హాలు నేల బరువుకు ఆగదేమోనన్న భయానికి 20వ తేదీన విచారణను పచ్చికపైకి మార్చారు. ప్రతివాది పక్షాన క్లారెన్స్ డారో, అభియోగ పక్షానికి చెందిన విలియం జెన్నింగ్స్ బ్రయన్‌నే సాక్షిగా నిలిపి ప్రశ్నించింది అక్కడే.

మరునాడు 100 డాలర్ల జరిమానా పడింది. జరిమానాను జ్యూరీ కాక న్యాయమూర్తి నిర్ణయించారన్న కారణంతో 1927లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. చట్టం మాత్రం 1967 వరకు కొనసాగింది.

2005లో బ్రయన్ విగ్రహం, 2017లో డారో విగ్రహం ఈ ఆవరణలోనే వెలిశాయి. వాదించుకున్న ఇరువురికీ చోటిచ్చిన ఆ ప్రాంగణానికి నమస్కరించి వెనుదిరిగాము.