ఆగవలసిన చోట ఆగే ఛార్జరు

రిమోటుతో నడిచే బొమ్మకారును కొనేవారు దాని వేగాన్ని విచారిస్తారు, చక్రాలను తిప్పి చూస్తారు. ఛార్జరును గురించి అడిగేవారు అరుదు. పుదుచ్చేరిలో స్థిరపడిన ఒక యానాం కుటుంబంలో ఆ ప్రశ్న రాక తప్పలేదు. ఇంటి పెద్ద భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మనుమడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. కారుతో వచ్చిన నికెల్ బ్యాటరీ ఇచ్చే వేగం చాలక, ఆ కుర్రవాడు దాచుకున్న డబ్బుతో లిథియం పాలిమర్ బ్యాటరీ ఒకటి తెచ్చుకున్నాడు. పాత ఛార్జరు ప్లగ్గు దానికి చక్కగా అమరింది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి నిండుతుందని అతని ఆలోచన.

“సరిగ్గా పట్టింది, తాతగారూ!” అన్నాడు.

“పట్టడం సరే నాయనా, ఎప్పుడు ఆగాలో దానికి తెలుసునా?” అన్నారాయన.

ప్రమాదమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరు కలిస్తే 7.2. అది నిండగానే వోల్టేజీ రవంత వెనుకకు తగ్గుతుంది. మంచి నికెల్ ఛార్జరు ఆ తగ్గుదలను కనిపెట్టి ఆగిపోతుంది. లిథియం సెల్లు స్వభావం వేరు. దాని సాధారణ వోల్టేజీ 3.7, నిండినప్పుడు 4.2. ఆ హద్దు దాటనీయకూడదు. మొదట కరెంటును నిలకడగా పంపి, 4.2 చేరగానే వోల్టేజీని అక్కడే నిలిపి, కరెంటు క్రమంగా తగ్గిపోయాక ఆపాలి. నికెల్ ఛార్జరుకు ఈ పద్ధతి తెలియదు. అది రాని తగ్గుదల కోసం ఎదురుచూస్తూ కరెంటును తోస్తూనే ఉండవచ్చు. సెల్లు వేడెక్కి, ఉబ్బి, చివరకు మంటలు చిమ్మవచ్చు. ఇంటిల్లిపాదీ నిద్రించే వేళ అది జరిగితే చెప్పవలసినదేమున్నది!

ఫ్రెంచివాడైన గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని నిర్మించాడు. అప్పటికి పుదుచ్చేరి కూడా ఫ్రెంచివారిదే. సీసపు బ్యాటరీకి కొంచెం ఎక్కువ ఛార్జి ఎక్కితే నీరు వాయువులై పోతుంది. మళ్ళీ నీళ్ళు పోస్తే సర్దుకుంటుంది. 1991లో బజారుకు వచ్చిన లిథియం జాతికి ఆ ఓర్పు లేదు. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాలన్నిటినీ నేలమీద నిలిపివేయించినది లిథియం బ్యాటరీలే. అంతటి ఇంజనీర్లకే తప్పని తలనొప్పి తొమ్మిదవ తరగతి కుర్రవాడిని విడిచిపెడుతుందా?

మర్నాడు తాతా మనుమడూ నెహ్రూ వీధికి వెళ్ళారు. దుకాణదారు ముందుగా చవక రకం ఒకటి చూపించాడు. “ఫాస్ట్” అన్న మాట తప్ప దానిమీద వోల్టులూ లేవు, ఆంపియర్లూ లేవు. పెద్దాయన దానిని పక్కన పెట్టించారు. ఏ జాతి బ్యాటరీయో ఎంచుకునే వీలు ఉండాలి. ఎన్ని సెల్లులో చెప్పే వీలు ఉండాలి. అన్నిటికీ మించి సెల్లులను సమం చేసే తీగకు చోటు ఉండాలి అన్నారు. రెండు సెల్లుల బ్యాటరీనుంచి మూడు సన్నని తీగలు వేరుగా వస్తాయి. వాటిని తగిలించకపోతే ఛార్జరుకు కనిపించేది మొత్తం 8.4 వోల్టులే. ఒక సెల్లు 4.1 వద్ద, రెండవది 4.3 వద్ద ఉన్నా లెక్క సరిపోయినట్లే ఉంటుంది! రెండవ సెల్లుకు మాత్రం హద్దు దాటిపోయినట్లే.

కరెంటు లెక్కను మనుమడే కట్టాడు. బ్యాటరీ 2000 మిల్లీ ఆంపియర్-అవర్లది. కనుక 2 ఆంపియర్లు. దానిమీద అంతకుమించి అనుమతిస్తూ ముద్రించి లేనప్పుడు 5 ఆంపియర్ల ఆశ పెట్టుకోరాదు. ఆ లెక్కన నిండడానికి గంట పైచిలుకు పడుతుందని తేలి అతని ముఖం చిన్నబోయింది. వెల కూడా చవక రకానికి ఎన్నో రెట్లు. తాతగారు బేరమాడారే గాని వెనుదిరగలేదు.

ఇక తావు. మంచమూ, పరుపూ, చెక్క బల్లా పనికిరావు. నీడపట్టున సిమెంటు గచ్చు కావాలి. చుట్టుపక్కల అంటుకునే వస్తువేదీ ఉండకూడదు. సముద్రపు గాలిలోని ఉప్పు పిన్నులను తినివేస్తుంది. పట్టు సడలితే అక్కడ వేడి పుడుతుంది. అందుచేత వాటిని తరచు చూసుకోవాలి. పరుగెత్తి వచ్చిన కారులోని బ్యాటరీని పూర్తిగా చల్లారనిచ్చాకే ఛార్జికి పెట్టాలి. ఉబ్బినదానిని మళ్ళీ ఛార్జి చేయనే కూడదు. దానిని చెత్తబుట్టలో పడవేయడమూ తప్పే. పాత బ్యాటరీలు సేకరించే చోటికి అప్పగించాలి.

ఆ సాయంకాలం అరుగు మీద కొత్త ఛార్జరు పని మొదలుపెట్టింది. కుర్రవాడు పక్కనే పుస్తకం తెరిచాడు గాని, కళ్ళు అంకెలమీదనే ఉన్నాయి. రెండు సెల్లులూ 4.18, 4.19 అంటూ జంటగా ఎక్కుతున్నాయి. వంటింటిలోనుంచి భోజనానికి పిలుపు వచ్చింది.

“ఇంకా ఆగలేదు, అమ్మా!” అని అక్కడే కూర్చున్నాడు.