క్రొత్తవారికి వాకిలి

గత సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గూర్చి చెప్పుచుంటిమి. దాని మూలసంకేతమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును అనగా వారు మిగుల సంతసించిరి. అంతట అట్టి పని యొకదాని జాలస్థలమును తెరచితిమి. మొదటి పుట నిండ ఆజ్ఞలే. తొలుత ఏమి చేయవలెనో చెప్పు మాట యొక్కటియు లేదు. టెక్కలి ప్రాంతపు బాలుడొకడు, "మేస్టారూ, మనల్ని రమ్మన్నట్టు నేదండి" అనెను.

ఆ మాట మాకును తగిలెను. ఏలయన, బడిలో చేరిన పిల్లలకు కూర్చుండు చోటు చూపకమునుపే నియమములను చదివి వినిపించు అలవాటు ఇరువది యేండ్లుగా మాకు కలదు.

పిమ్మట తెలుగు వికీపీడియాను చూపితిమి. 2003లో ఆరంభమైన ఆ విజ్ఞానసర్వస్వము మీడియావికీ యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడచుచున్నది. అందు చర్చలు జరుగు తావునకు రచ్చబండ యనియు, తప్పులు చేసి నేర్చుకొను తావునకు ప్రయోగశాల యనియు పేర్లు. అర్థము చెప్పు పని లేకపోయెను. రచ్చబండ యన నేమో మా పల్లెల పిల్లలకు తెలియును. ఒకప్పుడు దానిపై అందరును కూర్చుండజాలకపోయిరను సంగతియు తెలియును. ఆ బాలుడు ప్రయోగశాలలో తన యూరి పేరు వ్రాసి, తుడిచి, మరల వ్రాసెను.

ఈ యేడు జూను మాసమున ఆరవ తరగతిలో చేరినవారికి నియమముల పట్టీని చదువలేదు. మంచినీళ్ల కుండ యెచ్చట నున్నదో చూపితిమి.