సంకరమను మాట

మా యన్నగారు ఫిడేలు విద్వాంసులు. చిన్ననాడు మేమిరువురము నొక్క గురువుగారి యొద్దనే కమాను పట్టితిమి. ఆయన సాధించిరి, నేను వినుట మాత్రము నేర్చితిని. గత వేసవిలో నాయన మా యింట నున్న దినములలో నొక సాయంకాలమున నేనొక రికార్డు పెట్టితిని. 1972వ సంవత్సరమున 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' అను చలనచిత్రమునకై అర్జెంటీనా దేశస్థుడగు గాటో బార్బియేరి కూర్చి వాయించిన సంగీతమది. ఫిడేళ్ల సమూహము మీద శాక్సొఫోను గొంతెత్తినంతనే యన్నగారు చేతిలోని పత్రికను క్రింద బెట్టి, "ఇది సంకరము" అనిరి.

ఆ మాట వాద్యములను గూర్చి మాత్రమే పలికినట్లు నా చెవికి దోపలేదు. అంతకు రెండు నెలల క్రిందటనే యాయన యేకైక పుత్రిక, నా మేనకోడలు, వేరొక కులమునకు జెందిన యువకుని రిజిస్ట్రారు కచేరిలో వివాహమాడెను. అన్నగారు వెళ్లలేదు. ఆ రికార్డును నాకు బంపినది యా పిల్లయే. ఆ సంగతి నేను చెప్పలేదు.

సంకరమనగా రెండు శుద్ధవస్తువులు కలిసి చెడుట యని గదా మనవారి భావము! ఇందు శుద్ధవస్తు వేది? శాక్సొఫోనును బెల్జియము దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ కల్పించి 1846లో పారిస్‌లో దానికి హక్కుపత్రము పొందెను. ఒడలు ఇత్తడిది, నోట బెట్టు రెల్లుముక్క క్లారినెట్టు వంటిది, పుట్టుకయే మిశ్రమము. సైనికుల బ్యాండులలో దానికి చోటు దొరికెను గాని, గొప్ప ఆర్కెస్ట్రాలలో స్థిరమైన పీట వేసినవారు లేరు. దానికి మనుష్యకంఠము నొసగినవారు ప్రధానముగా అమెరికాలోని నీగ్రోజాతి గాయకులని యొకప్పుడు పిలువబడిన నల్లవారే.

ఇక టాంగో! పందొమ్మిదవ శతాబ్ది చివర బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో నగరముల పేదవాడలలో ఆఫ్రికా సంతతివారి నృత్యములును, ఇటలీ స్పెయిన్ దేశములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారి పాటలును గలిసి యది పుట్టినది. మర్యాదస్థులు దానిని గడప తొక్కనిచ్చెడివారు కారు. 1913 ప్రాంతమున పారిస్ నగరమే దాని కాడుట మొదలిడగా, అప్పుడు స్వదేశపు దివాణములలో గూడ దానికి కుర్చీ వేసిరి. పరాయివారు మెచ్చినగాని యింటిపిల్లను గుర్తుపట్టని పెద్దమనుష్యులు మన దేశమందే యున్నారనుకొనుట పొరపాటు.

నాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపిన సంగతి వేరొకటి. సాధారణముగా, తీగవాద్యములు చేరుటచే జాజ్ శాక్సొఫోనునకు గౌరవము కలిగినదని చెప్పుదురు. టాంగో మేళములో మొదటినుండియు ఫిడేళ్లు కలవు. వానితో పియానో, పెద్ద బేసు ఫిడేలు, జర్మనీనుండి వచ్చిన బాండోనియన్ అను తిత్తివాద్యము. డోలు లేదు గనుక ఫిడేలువారే కమానును గుఱ్ఱమునకు వెనుకవైపున గీచి చప్పుడు పుట్టించి తాళము నిలిపెడివారు. క్యూబాలోని చరంగ మేళములలోను ఫ్లూటుతో గూడి ఫిడేళ్లే జనులచే నాట్యమాడించినవి. కావున నా ఖండమున ఫిడేలు ఇంటిమనిషి. శాక్సొఫోనే క్రొత్తగా వచ్చిన కోడలు.

కోడలు వచ్చిన తరువాత నెవరు ఎవరి మాట వినవలె ననునదే చిక్కు. 1949 నవంబరు 30వ తేదీన చార్లీ పార్కర్ మూడు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో, హార్పు, ఓబోలతో గూడి ఆరు పాటలు రికార్డు చేసెను. అది యాతడు స్వయముగా గోరుకొన్న కోరిక. ధనమున కమ్ముడుపోయెనని యాతని యభిమానులలోనే కొందరు నిందించిరి. ఆ నింద యన్యాయము. 'జస్ట్ ఫ్రెండ్స్' అను పాటలో నాతని శాక్సొఫోను పక్షివలె నెగురును. కాని యా తీగలు పెండ్లిలో పట్టుచీరలు గట్టి వరుసగా గూర్చున్న చుట్టములవలె నున్నవి. చక్కగానే యున్నవి, పలుకరింపవు. 1961లో స్టాన్ గెట్జ్ చేసిన 'ఫోకస్' అను రికార్డున నెడ్డీ సాటర్ త్రోవ మార్చెను. తీగలకు సంపూర్ణమైన రచన నొసగి, శాక్సొఫోనునకు వ్రాతయే లేకుండ విడిచెను. అచ్చట సంభాషణ కలదు.

బార్బియేరి పద్ధతి వేరు. 1932లో రొసారియోలో బుట్టిన యాతడు యూరపునకు బోయి, డాన్ చెర్రీతో గూడి కట్టుబాట్లన్నియు ద్రెంచిన జాజ్ వాయించి, తుదకు తన ఖండపు తాళములకే మరలివచ్చెను. ఊదునప్పుడే కంఠమున గూడ ధ్వని చేసినచో శాక్సొఫోను స్వరము బొంగురుపోయి చిరిగినట్లగును; అది యాతని ముద్ర. ఈ రికార్డునకు తీగల కూర్పు చేసిన ఆలివర్ నెల్సన్ తానును శాక్సొఫోను విద్వాంసుడే. కమాను తీగను తాకి నిండుగా బలుకుటకు రెప్పపాటు కాలము పట్టును. లాటిన్ తాళముల విరుపులన్నియు గుంపు ఫిడేళ్ల మీద వైచిన నడక కుంటువడును. అందుచే విరుపులు ఇతర వాద్యములకు విడిచి, ఫిడేళ్లకు దీర్ఘస్వరముల నొసగుట మేలు. అవి తంబురావలె నిలుచును. దాని మీద బార్బియేరి యేడ్చును, కసరును, బ్రతిమాలును. ఒక్క వరుసయే టాంగోగాను, మూడడుగుల వాల్ట్జుగాను, విలంబ గీతముగాను వేషము మార్చి వచ్చును. 1976లో వెలువడిన 'కాలియెంటే'లో మాధుర్యము హెచ్చి యాతని గరుకుదనము కొంత నునుపైనదని నా యభిప్రాయము.

ఆ చలనచిత్రమును మాత్రము నేను మెచ్చజాలను. పందొమ్మిదేండ్ల నటి మరియా ష్నైడర్‌కు ముందుగా దెలుపక యొక హేయమైన దృశ్యాంశము నామెపై ప్రయోగించితిమని దర్శకుడే తరువాత నొప్పుకొనెను. సంగీతము వినునప్పుడెల్ల నాకది గుర్తు వచ్చుచునే యుండును, రాకుండుట మంచిదికాదు.

అన్నగారితో నేనివన్నియు జెప్పలేదు. "మన ఫిడేలు మాట యేమి?" అని మాత్రమడిగితిని. బాలుస్వామి దీక్షితులవారు తెల్లవారి వాద్యమును నేర్చి రెండువందల యేండ్లయినది గదా.

"అది మన పద్ధతికి లొంగినది" అనిరి.

"లొంగినదా? దానికొరకు మనమే నేల గూర్చుండి, పాదము మీద దాని తల యానించుకొని, తీగల శ్రుతి మార్చుకొంటిమి."

ఆయన నవ్విరి. కద్రి గోపాల్‌నాథ్‌గారి శాక్సొఫోను కచేరీకి దీసికొనిపోయి, ప్రక్కన విజయనగరపు ఆడపడుచు కన్యాకుమారిగారు ఫిడేలు వాయించుచుండగా తాము తొడ మీద తాళము వేసిన సంగతి నేను జ్ఞాపకము చేసితిని. "అప్పుడు సంకరము కాలేదా, అన్నయ్యగారూ?"

ఆయన చాల సేపు పలుకలేదు. రికార్డు మొదటి వైపు ముగిసి ముల్లు గీరుచుండెను. "ఆ కూర్చినవాడు ఊపిరి తెలిసినవాడు" అని, "నీ కిదెవరిచ్చిరి?" అని యడిగిరి. చెప్పితిని. లేచి, రికార్డును తామే రెండవ వైపునకు ద్రిప్పిరి.

పిల్లకు ఉత్తరము వ్రాయుమని నేననలేదు. ఆయనయు నా మాట యెత్తలేదు. మరునాడు రైలు వేళకు నన్నడుగకయే యా రికార్డును ఫిడేలు పెట్టెతోబాటు సంచిలో బెట్టుకొని వెళ్లిపోయిరి.